రెడ్, వైట్, రోజే, షాంపేన్, పోర్ట్: వీటి మధ్య అసలు తేడా ఏమిటి, కొత్తవారు దేనితో మొదలుపెట్టాలి?

నల్లద్రాక్షతో చేస్తే రెడ్, తెల్లద్రాక్షతో చేస్తే వైట్ అనుకోవడం సరైనదేనా, మిగతా పేర్లన్నీ ఏమిటి, ఇంతవరకూ వైన్ ముట్టనివారు దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో చదువుకున్న రెండేళ్లూ, ఖర్చులకు ఆసరాగా ఉంటుందని, సెప్టెంబరు నెలలో సాంతెమిలియోన్ దగ్గర ఒక చిన్న తోటలో ద్రాక్ష కోతకు వెళ్లాను. కాబట్టి సీసా మీది పేర్లను బట్టి కాక, తొట్టి దగ్గర చూసినదాన్ని బట్టి జవాబు చెబుతాను. (మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో జనం కొనేది విస్కీ, బ్రాందీ, బీరే కనుక, అక్కడికి వెళ్లేదాకా నాకూ వైన్ రుచి తెలియదు.)

మొదటి రోజు మాతో పని చేయించే పెద్దాయన మెర్లో అనే జాతి నల్లద్రాక్ష పండును ఒకదాన్ని నా అరచేతిలో పెట్టి పిండమన్నాడు. తొక్క నలుపుకు దగ్గరగా ఉన్న ఊదారంగులో ఉంది గానీ, వేళ్ల సందుల్లోంచి కారిన రసం మాత్రం లేత కొబ్బరినీళ్లలా ఉంది. ఆ తొక్కను నలిపినప్పుడు గోళ్ల కింద చేరిన మరక మూడు రోజుల దాకా వదలలేదు. కొన్ని అరుదైన జాతులను మినహాయిస్తే, ద్రాక్షలో రంగంతా తొక్కలోనే ఉంటుంది. అందువల్ల ఏ రంగు ద్రాక్ష అన్నదాని కంటే, రసం తొక్కతో ఎంతసేపు కలిసి ఉంది అన్నదే ముఖ్యం.

రెడ్ వైన్‌కు కాడలు తీసేసిన పండ్లను చిదిపి, తొక్కలూ గింజలతో సహా తొట్టిలో పోసి పులియనిస్తారు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మార్చేటప్పుడు పుట్టే వాయువు తొక్కలన్నిటినీ పైకి నెట్టి దళసరి అట్టు కట్టిస్తుంది. అది ఎండిపోకుండా అడుగునున్న రసాన్ని పంపుతో తోడి, పొద్దునా సాయంత్రమూ దాని మీద పోసేవాళ్లం. ఇలా రెండు మూడు వారాలు నానడం వల్ల రంగుతో పాటు టానిన్ కూడా దిగుతుంది. టానిన్ అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కర్లేదు: పచ్చి అరటికాయ కొరికినా, నేరేడు పండు తిన్నా నాలుక పిడచకట్టుకుపోతుందే, ఆ వగరే అది. షడ్రుచుల్లో దానికొక పేరుండటం మన అదృష్టం; మాతో కోతకు వచ్చిన ఇతర దేశాల విద్యార్థులు దాన్ని వర్ణించడానికి నానా తంటాలు పడేవారు.

వైట్ వైన్‌కు పండ్లను వెంటనే పిండి, పిప్పి తీసేసి, ఒట్టి రసాన్నే చల్లగా పులియబెడతారు. అందుకే అందులో వగరు దాదాపు ఉండదు, పులుపూ సువాసనా ముందుకొస్తాయి. ఈ పద్ధతిలో నల్లద్రాక్షతోనూ వైట్ వైన్ చేయవచ్చు కాబట్టి మీరు అనుకున్నది సగమే నిజం. నల్లద్రాక్ష రసాన్ని తొక్కలతో కొన్ని గంటలు మాత్రమే ఉంచి వేరుచేస్తే రోజే వస్తుంది. దీనికి తలకిందులుగా, తెల్లద్రాక్షను తొక్కలతో నానబెట్టే పద్ధతి జార్జియా దేశంలో ఉంది. నేలలో పాతిన క్వెవ్రీ అనే పెద్ద మట్టి బానల్లో చేసే ఆ వైన్ తేనెరంగుకు తిరుగుతుంది. ఆ విద్యను యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది.

మిగతా రకాలకు మూలం చక్కెరను, వాయువును ఏం చేశారన్నదే. పులిసిన వైన్‌ను సీసాలో పోసి, కొంచెం చక్కెర, ఈస్ట్ వేసి మళ్లీ బిగిస్తే, వాయువు బయటికి పోయే దారిలేక అందులోనే కరిగిపోతుంది. షాంపేన్ సీసాలో అలా చేరే ఒత్తిడి 5 నుంచి 6 అట్మాస్ఫియర్లు, అంటే కారు టైరులోని గాలికి రెండింతలకు పైనే. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. ఇటలీవారి ప్రొసెక్కోను సాధారణంగా పెద్ద ఉక్కు ట్యాంకుల్లో చేస్తారు కనుక చవక. పోర్చుగల్‌లోని డౌరో లోయలో, రసం సగం పులిసినప్పుడే ఘాటైన ద్రాక్ష సారాయి కలిపి ఈస్ట్‌ను చంపేస్తారు. చక్కెర మిగిలిపోయి, 20 శాతం దరిదాపుల్లో ఆల్కహాలుండే తీయని పోర్ట్ తయారవుతుంది. బోర్డోకు దక్షిణాన ఉన్న సోటెర్న్‌లో పద్ధతి ఇంకా విచిత్రం: నది పొగమంచుకు పండ్ల మీద పట్టే ఒకానొక బూజు, నీరు ఆవిరైపోయేలా చేసి తీపిని చిక్కబరుస్తుంది, ఆ ముడతలుపడ్డ పండ్లనే ఏరి పిండుతారు.

సీసా మీద ‘డ్రై’ అని ఉంటే అందులో తీపి లేదని అర్థం. కొత్తవారు ద్రాక్షరసంలా తియ్యగా ఉంటుందని ఆశించి, డ్రై రెడ్ తాగి ముఖం చిట్లిస్తారు. నేను అంతకంటే పెద్ద పొరపాటు చేశాను. తోటలో కానుకగా ఇచ్చిన, ఇంకా ముదరని కొత్త రెడ్ సీసాను, మా గదిలో వండుకున్న గోంగూర మాంసంతో తెరిచాను. కారం మీద ఆల్కహాలు పడి నోరు మండింది, గోంగూర పులుపు ముందు వైన్ చప్పబడిపోయింది, చివరికి నోట్లో వగరొక్కటే మిగిలింది. అందుకని మన తిండి తినేవారు రెడ్‌తో మొదలుపెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. కొంచెం తీపి మిగిల్చిన వైట్ తీసుకోండి. తెల్లద్రాక్ష జాతులైన రీస్లింగ్‌తో చేసినది గానీ, నాసిక్ ప్రాంతపు షెనిన్ బ్లాంక్‌తో చేసినది గానీ కారాన్ని బాగా తట్టుకుంటాయి. తరువాత రోజే, ఆ తరువాత పినో న్వార్ వంటి వగరు తక్కువ రెడ్, చివరికి వగరు ఎక్కువుండే కాబెర్నే సావిన్యోన్ రెడ్ అన్న వరుస నాకు పనికొచ్చింది.

వైట్‌ను 8 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో తాగాలి. రెడ్‌ను గది వేడిమిలో తాగాలన్న మాట యూరప్‌లోని చల్లని గదులకు, అంటే 16 నుంచి 18 డిగ్రీలకు వర్తిస్తుందే తప్ప హైదరాబాదు ఏప్రిల్‌కు కాదు; అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. తేలికపాటి పానీయమనే భ్రమ కూడా వద్దు: 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లు తాగితే, 30 మిల్లీలీటర్ల విస్కీలో కంటే ఎక్కువ ఆల్కహాలే ఒంట్లోకి వెళ్తుంది. సీసా ఒక్కరోజులో అవగొట్టాల్సిన పనిలేదు, బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది.