టర్బో పికప్ మైలేజ్ నిజంగా ఎంత? మేత బస్తాలకి ఒక లెక్క, పొగాకు బేళ్లకి ఇంకో లెక్క

మీకిప్పుడు టాటా ఏస్ ఉంది. కావలి, బోగోలు, అల్లూరు వైపు రొయ్యల గుంటలకి మేత తోలుతున్నారు, సీజన్‌లో పొగాకు బేళ్లు టంగుటూరు, కొండపి వేలం కేంద్రాలకి వేస్తున్నారు. 1.7 టన్నుల బొలెరో పికప్ గానీ అశోక్ లేలాండ్ దోస్త్ గానీ తీసుకుంటే మైలేజ్ ఎంత వస్తుంది, లోడ్ మీద లాగుతుందా, టర్బో ఉంటే డీజిల్ జాస్తిగా తాగుతుందా అన్నది మీ ప్రశ్న. సెకండ్ హ్యాండ్ గురించి కూడా అడిగారు, అది చివర్లో చెప్తా.

నాది బొలెరో పికప్, 1.7 మోడలే. ఎక్కువగా నెల్లూరు, ఒంగోలు మధ్య తిరుగుతుంది. అప్పుడప్పుడు చెన్నై, ఇంకొన్నిసార్లు రాపూరు ఘాట్ దాటి రాజంపేట వైపు. నాకు వచ్చే అంకెలు ముందు చెప్తాను. హైవే మీద ఖాళీగా 60, 65 దాటకుండా వస్తే లీటరుకి 16 దాకా ఇస్తుంది. ఒకటిన్నర టన్ను మేత ఎక్కించి అదే స్పీడులో పోతే 13, 14. అదే లోడుతో 80 మీద పట్టుకుని పోతే 11, 12కి దిగుతుంది. గుంటల గట్ల మీద, మట్టి బాటల్లో ఫస్టు సెకండు గేర్లలో తిరిగిన రోజు 8, 9 వస్తే చాలనుకోవాలి. ఎవరైనా "నా బండి పద్దెనిమిది ఇస్తుంది" అంటే, ఏ రోడ్డులో, ఏ స్పీడులో, ఏం లోడుతో అని అడగండి. మూడింటిలో రెండిటికి సమాధానం ఉండదు.

ఇప్పుడు మీ పనికి బాగా పనికొచ్చే సంగతి. ఒకటిన్నర టన్ను మేత కన్నా, బరువులో అంతకన్నా తక్కువున్న పొగాకు బేళ్లు హైవే మీద ఎక్కువ డీజిల్ తాగుతాయి. చాలామంది నమ్మరు. మేత బస్తాలు బరువు, కానీ బాడీలో కిందికి అణిగి ఉంటాయి, క్యాబిన్ ఎత్తు దాటవు. బేళ్లు అట్లా కాదు. క్యాబిన్ మీద ఇంకో మనిషంత ఎత్తు లేచి, పట్టా కట్టి, పక్కలకి కూడా కాస్త పొంగి ఉంటాయి. ఆ గోడంతా గాలిని తోసుకుంటూ పోవాలి. సాఫు రోడ్డు మీద బరువు వల్ల టైర్లకి పెరిగే పని స్పీడుతో పెద్దగా మారదు. గాలి మాత్రం స్పీడు పెరిగే కొద్దీ వర్గం లెక్కన పెరుగుతుంది. 60 నుంచి 80కి పోతే స్పీడు పెరిగేది మూడో వంతే, గాలి అడ్డు మాత్రం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. అందుకే ఎత్తు లోడు ఉన్నప్పుడు నేను 60 దాటను. అదే బేళ్లతో 80లో పోతే 10కి అటూ ఇటూ వస్తుంది, 60లో పోతే 12 దాకా లాగొచ్చు. కావలి నుంచి టంగుటూరుకి దీని వల్ల పోయేది అరగంట కూడా కాదు.

పట్టా సంగతి కూడా ఇందులోదే. ముందు పక్క పట్టా వదులుగా ఉండి గాలికి కొట్టుకుంటుంటే డీజిలూ పోతుంది, పట్టా కూడా చిరుగుతుంది. తాడు బిగించి, ముందు అంచు క్యాబిన్ వైపు ఏటవాలుగా దిగేట్టు కడితే తేడా తెలుస్తుంది. చెన్నై నుంచి ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు ఎత్తుగా పేర్చుకుని తిరిగొచ్చే బండ్లకి కూడా ఇదే బాధ. బరువు లేదు కదా అని తొక్కుకుంటూ వస్తారు, మైలేజ్ చూసి డ్రైవర్ మీద అనుమానపడతారు.

స్పీడు 80 దాటదు లెండి, ఈ బండ్లకి స్పీడ్ గవర్నర్ ఉంటుంది. ఆ 80 దగ్గరే నొక్కి పెట్టి ఉంచడమే తంటా.

ఇక టర్బో. ఇంజన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, దానికి కడ్డీతో కలిపి ఉన్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ ఆ గాలిని చల్లబరుస్తుంది. గాలి ఎక్కువ దొరికితే అంతే సైజు ఇంజన్‌లో డీజిల్ ఎక్కువ కాలి శక్తి ఎక్కువ వస్తుంది. పోయే పొగలోని శక్తినే వాడుకుంటుంది కాబట్టి టర్బో ఉన్నంత మాత్రాన డీజిల్ ఎక్కువ తాగదు. మీ ఏస్‌లో ఉన్నది టర్బో లేని 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్ అనుకుంటా, పాతవి 16 హార్స్‌పవర్. బొలెరో పికప్‌లో 2523 సీసీ నాలుగు సిలిండర్లు, 75 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే చక్రాల్ని తిప్పే బలం). దోస్త్‌లో 1478 సీసీ మూడు సిలిండర్లే, అయినా 80 హార్స్‌పవర్, 190 టార్క్. రెండూ టర్బో ఇంజన్లే. దోస్త్‌కి వెయ్యి సీసీ తక్కువున్నా దగ్గర దగ్గర అంతే లాగుతుంది, చిన్న ఇంజన్‌తో అంత లాగించడానికి టర్బో సాయం ఉంటుంది.

కానీ ఆ టార్క్ అన్ని ఆర్‌పీఎమ్‌లలో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఉండదు. బొలెరోకి 1400 నుంచి 2200 మధ్య, దోస్త్‌కి 1600 నుంచి 2400 మధ్య పూర్తిగా దొరుకుతుంది. అంతకన్నా కింద టర్బో చక్రం సరిగా తిరగదు, అప్పుడు మీ కాలి కింద ఉన్నది టర్బో లేని మామూలు ఇంజనే. ఏస్ నడిపిన చేతులకి టాప్ గేర్ త్వరగా వేసేసి, ఇంజన్ గొణుగుతున్నా అట్లాగే తొక్కే అలవాటు ఉంటుంది. టర్బో బండికి అది పనికిరాదు. లోడు మీద 1400 కిందికి పడనీకుండా ఒక గేర్ తగ్గించండి. అట్లాగని 3000 దాకా అరిపించనూ అక్కర్లేదు. 1500, 2000 మధ్య ముల్లుని ఉంచగలిగితే మైలేజ్ దానంతటదే వస్తుంది.

లాగుడు విషయంలో సందేహం పెట్టుకోవద్దు. 1.7 టన్నులంటే మన నెల్లూరు పుట్టి 850 కిలోల లెక్కన సరిగ్గా రెండు పుట్ల వడ్లు. ఆ లోడుతో హైవే ఫ్లైఓవర్లు నాలుగో గేర్‌లోనే ఎక్కేస్తుంది. రాపూరు ఘాట్‌లో మలుపుల దగ్గర సెకండ్‌కి దిగాలి, 20, 25 స్పీడులో నిదానంగా ఎక్కుతుంది, ఎక్కడా ఆగదు. మూడో పుట్టి కూడా వేయమనే ఆసాములు ఉంటారు, బస్తాలు మొహమాటం లేకుండా తగ్గించండి. ఓవర్‌లోడ్‌కి జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి టన్నుకి మరో 2 వేలు. అది పక్కన పెట్టినా, దిగుడులో బ్రేకులు ఆ బరువుకి చేసినవి కావు.

దిగుడు అంటే గుర్తొచ్చింది. డీజిల్ మిగులుతుందని ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేసే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు. డీజిల్‌ని కంప్యూటర్ కొలిచి పోసే ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో గేర్ ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ బతికుండటానికి మళ్లీ డీజిల్ పోస్తుంది. అంటే న్యూట్రల్‌లో డీజిల్ ఎక్కువ, బ్రేకులకి వేడి ఎక్కువ. రాపూరు, దోర్నాల ఘాట్లలో లోడుతో ఆ పని చేసేవాళ్ల వెనక నేను బండి పెట్టను.

గుంటల పని మీద రెండు జాగ్రత్తలు. గట్ల మీద దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ని త్వరగా మూసేస్తుంది. చీమకుర్తి వైపు క్వారీ రోడ్లలో తిరిగితే ఇంకా ఘోరం. గాలి తగ్గితే టర్బో ఉన్నా ప్రయోజనం లేదు, నల్ల పొగ, లాగుడు తక్కువ, మైలేజ్ తక్కువ. సర్వీస్ దాకా ఆగకుండా మధ్యలో విప్పి చూడండి. మూసుకుపోతే కొత్తది వేయడమే, వందలతో పోయేది. ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులైనా ఇవే లక్షణాలు, తొక్కినప్పుడు ఈల వేసినట్టు సన్నని శబ్దం వస్తుంది. దీన్ని పంపు రిపేరు అనుకుని వేలు వదిలించుకున్నవాళ్లు ఉన్నారు. ఇక రొయ్యలు, ఐసు వేసిన రోజు కారే ఉప్పునీళ్లు కమాన్ కట్టలనీ బ్రేక్ పైపులనీ తినేస్తాయి. ఆ రాత్రికే మంచినీళ్లతో కింద నుంచి కడిగించండి.

బీఎస్6 బండ్లలో, అంటే కొత్త కాలుష్య నిబంధనలకి తగ్గట్టు చేసినవాటిలో, డీపీఎఫ్ అని పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసి నిండితే ఇంజన్ అదనంగా డీజిల్ పోసి దాన్ని కాల్చేస్తుంది. హైవే మీద తిరిగే బండికి ఇది తెలియకుండానే అయిపోతుంది. ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లకి ఆపుతూ తిరిగే బండికి కాలడం మధ్యలో ఆగిపోయి డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, మైలేజ్ కూడా పడుతుంది. దీపం వస్తే ఇంజన్ ఆపకుండా హైవే ఎక్కి కాసేపు ఒకే స్పీడులో పోయి రండి, చాలాసార్లు ఆరిపోతుంది. దీపం వచ్చినా పట్టించుకోకుండా నెలలు తిప్పిన బండ్లకే పెద్ద బిల్లు పడుతుంది. ఇంజన్ ఆయిల్ కూడా కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి. పాత డీజిల్ బండ్ల ఆయిల్ వేస్తే ఆ ఫిల్టర్‌లో కాలని బూడిద పేరుకుంటుంది. లోడుతో హైవే మీద వచ్చి ఆపేటప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి తాళం తీయండి, లేకపోతే టర్బో బేరింగ్‌లో ఆయిల్ ఆ వేడికి మాడిపోతుంది.

అసలు మీకు పికప్ కావాలా? లెక్క వేసి చూద్దాం. 40 కిలోమీటర్ల దూరానికి ఒకటిన్నర టన్ను మేత వేయాలంటే ఏస్ రెండు ట్రిప్పులు తిరగాలి, రానుపోను 160 కిలోమీటర్లు, లీటరుకి 18 అనుకుంటే 9 లీటర్లు. పికప్‌కి ఒకటే ట్రిప్పు, 80 కిలోమీటర్లు, పోను రాను సగటున 14 అనుకుంటే 6 లీటర్ల లోపే. లీటరు వందకి దగ్గర్లో ఉన్న రోజుల్లో మూడు వందలు మిగిలినట్టు, డ్రైవర్ టైము అదనం. కానీ మీ లోడు రోజూ ఆరేడు వందల కిలోలే అయితే ఈ లెక్క తిరగబడుతుంది, ఏస్ చాలు. పొగాకు సీజన్ నాలుగైదు నెలల కోసమే అయితే అప్పుడు బాడుగకి పికప్ మాట్లాడుకోండి. మేత ఏడాది పొడవునా ఉందంటే మాత్రం నా ఓటు 1.7కే. గట్లు ఇరుకు, లోడు ఒకటిన్నర టన్ను దాటదు అంటే దోస్త్ తిప్పుకోవడానికి సులువు. మన పక్కనే శ్రీసిటీలో తయారైన ఇసుజు డీ మ్యాక్స్ కూడా ఈ రోడ్లలో కనిపిస్తుంటుంది, అది కూడా రెండున్నర లీటర్ల టర్బోనే, 78 హార్స్‌పవర్. కొనేముందు సర్వీస్ మీకెంత దగ్గరుందో చూసుకోండి. ఇసుజు వాళ్లదే 163 హార్స్‌పవర్ వీ క్రాస్ చూసి ఆశపడొద్దు, అది మేత బస్తాల బండి కాదు.

మైలేజ్ మీరే కొలవాలంటే మీటర్లో చూపించే అంకె వద్దు. ఒకే బంకులో, గన్ దానంతటది కొట్టేసే దాకా ఫుల్ ట్యాంక్ పోయించి కిలోమీటర్లు రాసుకోండి, మళ్లీ అట్లాగే ఫుల్ చేయించి తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. పక్కన ఆ ట్యాంకులో వేసిన లోడు కూడా రాయండి. టైర్లలో గాలి కూడా లోడుకి తగ్గట్టు ఉంచండి, మెత్తగా ఉంటే ఈ లెక్కంతా తప్పుతుంది.

సెకండ్ హ్యాండ్ అడిగారు కాబట్టి: పాత బీఎస్4 పికప్ తీసుకోవచ్చు, డీపీఎఫ్ గోల కూడా ఉండదు. చూడాల్సింది టర్బోనే. చల్లారిన ఇంజన్ మీద టర్బోకి గాలి వచ్చే పైపు విప్పించి, లోపలి చక్రాన్ని వేలితో కదిపి చూడండి. కాస్త కదలిక సహజమే, చక్రం అంచు గోడకి తగులుతుంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. ఇంటర్‌కూలర్ పైపులో తడి వరకు పర్వాలేదు, ఆయిల్ నిలిచి ఉంటే వద్దు. స్టార్ట్ చేసి కాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి తొక్కించండి, నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టే. ఖాళీ బండి నడిపి ధర మాట్లాడొద్దు. ఒక టన్ను ఎక్కించుకుని ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కించి చూస్తానని అడగండి, ఒప్పుకోకపోతే వేరే బండి చూసుకోండి.