తాత కట్టించిన గడ్డి ఇంటిని బాగు చేయించాలంటే ముందు ఎవరి సంతకాలు కావాలి?

ప్రశ్న: పరకాల సమీపంలోని మా ఊరిలో మా తాత తన సొంత సంపాదనతో 1930 ప్రాంతంలో కట్టించిన మట్టిగోడల గడ్డి ఇల్లు ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సంఘం (ఆంధ్ర మహాసభ) వారు ఆ ఇంట్లోనే కూడేవారని ఊళ్లో పెద్దలు చెబుతారు. నానమ్మ ముందే పోగా, తాత వీలునామా రాయకుండానే 1971లో చనిపోయారు. 1978లో మా నాన్న, చిన్నాయన ఇంటిని చెరి సగం పంచుకుంటున్నట్టు తెల్లకాగితం మీద రాసుకున్నారు. దానిపై మేనత్తలు ఇద్దరి సంతకాలూ లేవు. చిన్న మేనత్త 2009లో సంతానం లేకుండా చనిపోయింది, ఆమె భర్త ఉన్నారు. నాన్న ఆ తరువాతే పోయారు, అమ్మ, చెల్లె ఉన్నారు. చిన్నాయన, చిన్నమ్మ లేరు. వారి ఒక్కగానొక్క కొడుకు ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో పశువులను కట్టేస్తున్నాడు. ఇప్పుడు తన సగాన్ని హనుమకొండలోని ఒక స్థిరాస్తి వ్యాపారికి అమ్ముతానంటున్నాడు. ఇల్లు శిథిలమైందని, కూల్చాలని పంచాయతీ నోటీసు ఇచ్చింది. ఇంటికి నూరు గజాల లోపే కాకతీయుల కాలపు గుడి ఉంది. ఇంటిని నేనే తీసుకుని, పాత పద్ధతిలోనే బాగు చేయించి, పర్యాటకులకు బస ఇవ్వాలనుకుంటున్నాను. ఇంత పాత ఇంటికి చట్టం రక్షణ ఉండదా? నేను ఏం చేయాలి?

జవాబు: మీరు సూటిగా అడిగింది ఇంటికి చట్టం ఇచ్చే రక్షణ గురించి. కాని చట్టం దృష్టిలో చిక్కంతా వాటాల సంగతిలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ తాత స్వార్జిత ఆస్తికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 8వ సెక్షను వర్తిస్తుంది. దాని ప్రకారం 1971లో ఆయన కన్నుమూసిన నాడే ఇద్దరు కొడుకులకు, ఇద్దరు కూతుళ్లకు తలా నాలుగో వంతు సంక్రమించింది. ఆడపిల్లలకు హక్కు 2005 సవరణతోనే వచ్చిందన్న మాట తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి విషయంలో చెప్పుకోవలసినదే గాని, తండ్రి సొంత సంపాదనకు వర్తించదు. అప్పట్లో అమలులో ఉన్న 23వ సెక్షను, కుటుంబం నివసించే ఇంటిని మగ వారసులు పంచుకోదలచేదాకా కూతుళ్లు పంపకం అడగరాదని మాత్రమే చెప్పేది. వాటా లేదని అది ఎన్నడూ చెప్పలేదు, పైగా ఆ సెక్షనునే 2005లో తొలగించారు. ఇక చిన్న మేనత్త వాటా ఆమె భర్తకు పోతుందేమోనని మీరు సందేహించవచ్చు. హిందూ స్త్రీకి తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, ఆమె సంతానం లేకుండా, వీలునామా రాయకుండా మరణిస్తే, 15వ సెక్షను రెండో ఉపవిభాగం ప్రకారం తిరిగి ఆ తండ్రి వారసులకే చేరుతుంది. కనుక ఆమె భర్త సంతకం అవసరం లేదు. ఆమె నాలుగో వంతు మిగిలిన మూడు శాఖలకు సమానంగా కలిసి, ఒక్కో శాఖకు మూడో వంతు అవుతుంది. మీ నాన్న కూడా వీలునామా రాయలేదనుకుంటే, ఆయన మూడో వంతును మీ అమ్మ, మీ చెల్లె, మీరు సమానంగా పంచుకోవాలి. అంటే సగం మాదేనని మీరు అనుకుంటున్న ఇంట్లో ఈ రోజు మీ సొంత హక్కు తొమ్మిదో వంతు మాత్రమే.

1978 నాటి కాగితం ఈ లెక్కను మార్చలేదు. అన్నదమ్ములిద్దరూ ఏం రాసుకున్నా తోబుట్టువుల వాటాను అది కట్టిపడేయదు. అదిగాక, ముందే నోటిమాటగా జరిగిపోయిన పంపకాన్ని జ్ఞాపకం కోసం రాసుకుంటే దానికి రిజిస్ట్రేషను అక్కరలేదని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. కాగితమే పంపకం చేస్తే మాత్రం 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షను ప్రకారం రిజిస్టరు కావాలి. 'పంచుకున్నాము' అని ఉందా, 'పంచుకుంటున్నాము' అని ఉందా అన్నదాని మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదనలు నడుస్తాయి. మీరు చెప్పిన మాటలను బట్టి మీది రెండో రకమనిపిస్తోంది. స్టాంపు సరిపోని విభజన పత్రాన్ని కోర్టులో దాఖలు చేస్తే, తక్కువ పడిన సుంకంతో పాటు పదింతల దాకా జరిమానా కట్టేవరకు దాన్ని సాక్ష్యంగా తీసుకోరు. అన్నట్టు, సాదాబైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం) కింద క్రమబద్ధీకరణ చేయిస్తామని ఎవరైనా మీ దగ్గరికి వస్తే డబ్బు ఇవ్వకండి, ఆ వెసులుబాటు వ్యవసాయ భూములకే గాని ఇళ్లకు లేదు.

చిన్నాయన కొడుకు ముప్పై ఏళ్ల స్వాధీనానికి మీరు భయపడనక్కరలేదు. సహ హక్కుదారు ఒకరు ఇంట్లో ఉంటే, మిగతావారి తరఫున కూడా ఉన్నట్టే చట్టం భావిస్తుంది. మీకు హక్కు లేదని అతడు బాహాటంగా చెప్పి, మిమ్మల్ని వెళ్లగొట్టి, ఆ తరువాత పన్నెండేళ్లు గడిస్తేనే ప్రతికూల స్వాధీనం, అంటే ఎక్కువ కాలం అనుభవించినందున ఆస్తి తనదైందన్న వాదన నిలుస్తుంది. పశువులను కట్టేయడం దానికి చాలదు. అతడు తన వాటాను బయటివారికి అమ్మకుండా మీరు ఆపలేరు. అయితే పంపకం కాని కుటుంబ నివాస గృహంలో వాటా కొన్న పరాయి వ్యక్తికి, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను ప్రకారం, మీతో పాటు ఆ ఇంట్లో ఉమ్మడి స్వాధీనం కోరే హక్కు ఉండదు. ఆ కొన్న వ్యక్తి పంపకం దావా వేస్తే, 1893 నాటి విభజన చట్టంలోని 4వ సెక్షను కింద కోర్టు కట్టిన ధరకు ఆ వాటాను కుటుంబ సభ్యులే కొనుక్కోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 1978లోనే ఇల్లు పంచుకున్నామని మీరే ఎక్కడైనా లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే, పంపకం కాని కుటుంబ గృహానికి దొరికే ఈ రెండు రక్షణలనూ మీ చేతులతోనే వదులుకున్నవారవుతారు. రెండు వాదనలూ ఒకే నోట రావు. నా అభిప్రాయంలో ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ఇల్లు ఇంకా ఉమ్మడిదేనన్న మాట మీదే నిలబడడం మీకు మేలు. పెద్ద మేనత్త, అమ్మ, చెల్లె మీ పేర హక్కు విడుదల పత్రం, చిన్నాయన కొడుకు విక్రయ పత్రం రిజిస్టరు చేసి ఇవ్వాలి. మేనత్తను వదిలేసి మిగతావారితో పని కానిద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి, రేపు దావా వేయదగినది ఆమె ఒక్కతే.

రిజిస్ట్రేషనుకు ముందు ఇంటి స్థలం గ్రామకంఠంలో, అంటే ఆబాదీలో, ఉందో లేదో, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను కింద రిజిస్ట్రేషను నిషేధించిన ఆస్తుల జాబితాలో ఉందో చూసుకోండి. గ్రామకంఠంలో తరతరాలుగా నివసిస్తున్న ఇళ్ల స్థలాలు ప్రభుత్వానివి కావు, వాటికి పట్టాదారు పాసుపుస్తకం లేకపోవడం లోపమూ కాదు. ఇంటిపన్ను రశీదు హక్కును రుజువు చేయదు గాని, ఇంటి నంబరు పంచాయతీ డిమాండు రిజిస్టరులో తాత పేరుతోనే ఉంటే అది ఉమ్మడి అన్న మీ వాదనకు బలం.

నోటీసు గడువు దీనికంతటికీ ఆగదు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం పల్లె ప్రగతి మొదలైనప్పటి నుంచి శిథిల గృహాల తొలగింపు పంచాయతీల పనుల్లో చేరింది. ఆ ఊపులో, నిలబెట్టదగిన ఇళ్లు కూడా కొన్ని పోయాయి. గడువులోగా పంచాయతీ కార్యదర్శికి జవాబు రాసి, రశీదు తీసుకోండి. గోడల స్థితి మీద అర్హత ఉన్న ఇంజినీరు ఇచ్చిన నివేదికను జతచేయండి. బాటసారుల మీద కూలే అవకాశం ఉన్న భాగానికి వెంటనే ఆధారాలు పెట్టించి, ఫొటోలు తీయించండి. జవాబును పట్టించుకోకుండా కూల్చడానికి వస్తే హైకోర్టులో రిట్ వేసే దారి ఉంది. పశువులను ఖాళీ చేయించే గొడవ మాత్రం ఇప్పుడు పెట్టుకోకండి.

మీరు సూటిగా అడిగిన ప్రశ్నకు జవాబు: వయసును బట్టి ఏ ఇంటికీ రక్షణ రాదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి కనీసం నూరేళ్ల ప్రాయం కావాలి, ఆ మీదట కేంద్రం నోటిఫై చేయాలి. మీ ఇంటికి ఆ నూరేళ్లూ ఇంకా నిండలేదు. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద గుర్తింపు కోరుతూ రాష్ట్ర వారసత్వ శాఖకు దరఖాస్తు పెట్టవచ్చు. సంఘం సమావేశాల సంగతి అక్కడ పనికొస్తుంది, కాబట్టి ఆ మాట చెప్పే పెద్దల వాంగ్మూలాలు వారు ఉండగానే రాయించుకోండి. అయితే గుర్తింపు వచ్చాక కిటికీ మార్చాలన్నా అనుమతి అడగవలసి వస్తుందని తెలుసుకునే ముందుకు వెళ్లాలి.

ఇంటి వయసు నిజంగా మీకు పనికొచ్చేది గుడి విషయంలో. ఆ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నదైతే, దాని చుట్టూ నూరు మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. వేయిస్తంభాల గుడి, రామప్ప చుట్టూ ఉన్నవి ఈ హద్దులే. నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణం కుదరదు గాని, 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి మరమ్మతులు చేసుకోవడానికి 20-సి సెక్షను కింద అధీకృత అధికారి అనుమతి ఇవ్వవచ్చు. ఆ చట్టం 'మరమ్మతు' నుంచి 'పునర్నిర్మాణాన్ని' వేరు చేసింది. ఉన్న నిట్టాడు, దూలాలు, గోడలు నిలిపి, పుచ్చిన వాసాలు మార్చి, కొత్తగా గడ్డి, తాటికమ్మలు కప్పిస్తే అది మరమ్మతు. గోడలు పడగొట్టి అవే కొలతలతో అచ్చంగా అలాంటి ఇల్లే లేపినా అది పునర్నిర్మాణం, నిషేధిత ప్రాంతంలో దానికి అనుమతి రాదు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే ఇల్లు ఒకసారి నేలమట్టమైతే, అది పంచాయతీ చేసినా మేస్త్రీ చేసినా, తిరిగి కట్టే వీలే పోవచ్చు. గుడి ఏ జాబితాలో ఉందో పురావస్తు శాఖ నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోండి. రాష్ట్ర జాబితాలోనిదైతే నిబంధనలు వేరు, ఏ జాబితాలోనూ లేకపోతే ఈ పేరా మీకు వర్తించదు.

పర్యాటకుల బస మాట తరువాతి సంగతి. పంచాయతీ నుంచి వ్యాపార అనుమతి, నిప్పు విషయంలో ఏర్పాట్లు తప్పవు. దూలాలకు కొత్త టేకు కావలసి వస్తే బిల్లు, రవాణా పర్మిట్ లేకుండా కొనకండి. బీమా తీసుకునేటప్పుడు ఇది గడ్డి కప్పు ఇల్లని, కచ్చా నిర్మాణమని దరఖాస్తులో స్పష్టంగా రాయించండి, ప్రీమియం ఎక్కువైనా సరే. పక్కా ఇల్లని రాసిన పాలసీ మీద అగ్నిప్రమాదం తరువాత క్లెయిము తిరస్కరించడానికి బీమా సంస్థకు ఆ ఒక్క మాట చాలు.