చెరువు ఒడ్డుకు గోడ వద్దు

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర పల్లె. మా చెరువు ఒడ్డు ఏటా వానలకు కోసుకుపోతోంది. చుట్టూ సిమెంటు గోడ కట్టిద్దామని కొందరంటున్నారు. నిరుడు ఆషాఢంలో నాటిన తుంగ, జమ్ము ఒక్కటీ బతకలేదు. ఏం చేయమంటారు?

జవాబు: గోడ కట్టకండి. నిలువు గోడకు కొట్టిన అల మళ్లి దాని కాళ్ల దగ్గర మట్టినే తవ్వేస్తుంది. కప్పలు, తాబేళ్లు ఒడ్డెక్కలేవు. రాతి రివిట్‌మెంటు, అంటే వాలు మీద పరిచే రాళ్ల పొర, నీటిని ఆపే గట్టుకు లోపలివైపు ఉంటే చాలు, అక్కడ ఉండాల్సిందే. గట్టు మీద చెట్లు వద్దు. చచ్చిన వేరు కుళ్లి బొరియవుతుంది, నీరు ఆ దారినే కారుతుంది. తెల్లమద్ది, కానుగ, నేరేడు ఎదుటి ఒడ్డున పెట్టండి.

మీ తుంగ మునిగి చచ్చింది. ఈ మొక్కల కాడల్లో గాలి గొట్టాలుంటాయి. బురదలోని వేళ్లకు గాలి వాటిలోంచే దిగాలి. వేరూనకముందే నీరు పెరిగి ఆకు కొసలు మునిగితే అంతే సంగతులు. అందుకే పుష్య మాఘాల్లో, నీరు వెనక్కి తగ్గేకొద్దీ, తడి బురదలో మూరకో దుబ్బు నాటండి. నీరు బెత్తెడు మించకూడదు. ఎండల్లో నేల నెర్రెలిస్తే కుండలతో తడపాలి, బద్ధకించొద్దు. జమ్మును ఒక మూలకే కట్టడి చేయండి, లేదంటే చెరువంతా కమ్మేస్తుంది. మితిమీరితే నీటికి జానెడు లోపల కోయండి. గాలి అందక దుంప కుళ్లుతుంది.

అలుగు పారే రోజున నీటి అంచున మేకులు కొట్టుకోండి. ఆ గీత దగ్గర ఒడ్డు నిటారుగా ఉంటే మీటరు ఎత్తుకు 3 మీటర్ల వాలు తీసి, తొలకరిలో వట్టివేరు పెట్టండి. రెండు మూడు పిలకలున్న దుబ్బుకు ఆకు జానెడు, వేరు బెత్తెడు ఉంచి కత్తిరించి, వాలుకు అడ్డంగా 10–15 సెంటీమీటర్లకొకటి. ఎడం పెరిగితే నీరు సందుల్లో ఒరవడి కట్టి ఇంకా లోతుగా కోస్తుంది.

గేదెలకు 4 మీటర్ల రేవు వదిలి, మిగతా ఒడ్డంతా రెండు వానాకాలాలు ముళ్లకంప వేయండి. తేలిగ్గా బతుకుతుందని లొట్టపీసు మాత్రం గుచ్చకండి, మళ్లీ వదలదు. గుర్రపుడెక్కను పూతకు ముందే తీయండి. గింజ రాలితే బురదలో ఏళ్లతరబడి బతికుంటుంది. తీసింది ఒడ్డునే పడేస్తే మొదటి వానకు తిరిగి చెరువులోకే చేరుతుంది, మేకుల గీతకు బాగా ఎగువన కుప్పేసి ఎరువు చేసుకోండి.