ఏరు దాటాల్సింది కాంక్రీటా, సిమెంటు బస్తానా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది శ్రీకాకుళం జిల్లాలో వంశధార అవతలి ఒడ్డున చిన్న ఊరు. దిగువన ఆనకట్ట ఉంది కాబట్టి వేసవిలో కూడా నీళ్లు నిలిచే ఉంటాయి, పడవ తప్ప వేరే దారి లేదు. 2018లో తిత్లీ తుపాను తర్వాత వరదొచ్చినప్పుడు తల దాచుకోవడానికి గట్టి కట్టడం ఒక్కటీ లేకపోయింది. ఇప్పుడు ఊరంతా చందాలు వేసుకుని సామాజిక భవనం కడుతున్నాం. గోడలు లేచాయి, స్లాబ్ మిగిలింది. 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం. రోడ్డు వైపు ఒడ్డుకి రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపిన కాంక్రీటు) లారీలు రప్పిస్తానని, అక్కడ పంపు పెట్టి, ఖాళీ డ్రమ్ముల మీద పైపులైను తేల్చి ఏరు దాటిస్తానని కాంట్రాక్టరు అంటున్నాడు. రేవు దగ్గర ఏరు 180 మీటర్లు. అది కుదరకపోతే కాంక్రీటే పడవల్లో తెస్తాడట. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు బాబూ.

పంపుకి 180 మీటర్లు పెద్ద దూరమేమీ కాదు. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫాకి 606 మీటర్ల ఎత్తు దాకా పంపుతోనే కాంక్రీటు ఎక్కించారు. కాబట్టి మీ కాంట్రాక్టరు జరగని పని చెప్పలేదు. కానీ అక్కడ పైపు కట్టడానికి కదలకుండా బిగించి ఉంటుంది, మీ దగ్గర నీళ్ల మీద ఊగుతుంది.

ఒకసారి లెక్క వేసి చూడండి. 125 మిల్లీమీటర్ల పైపులో మీటరుకి 12 లీటర్ల పైచిలుకు కాంక్రీటు పడుతుంది. 180 మీటర్లకి 2.2 క్యూబిక్ మీటర్లు. క్యూబిక్ మీటరు బరువు 2.4 టన్నులు కాబట్టి పైపులో ఉన్న సరుకే 5 టన్నులు దాటింది, పైపుల ఇనుము ఇంకో రెండున్నర టన్నుల పైనే ఉంటుంది. మొత్తం 8 టన్నులు అనుకోండి. 200 లీటర్ల డ్రమ్ము సగం మునిగి తేలుతుంటే దాని సొంత బరువు పోను 80 కిలోలు మోస్తుంది. అంటే వంద డ్రమ్ములు కావాలి. వాటిని తెచ్చి కట్టగలరు, కాదనను, కానీ పంపు పిస్టన్ కొట్టిన ప్రతిసారీ లైను మొత్తం ఒక కుదుపు కుదుపుతుంది, కింద ప్రవాహం పక్కకి లాగుతూ ఉంటుంది, ఈ రెండిటి మధ్య పైపుల్ని కలిపే క్లాంపుల దగ్గర సందు పడుతుంది. ఆ సందులోంచి ముందు కారేది సిమెంటు పాలు. పాలు పోయాక చిప్స్, అంటే కంకర రాళ్లు, ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి, ఇక ఎంత ఒత్తిడి పెట్టినా కదలవు.

నేను సర్వీసులో ఉండగా ఒక వంతెన స్తంభం పనిలో ఇలాగే పైపు బిగిసిపోయింది. అది నీళ్ల మీద కూడా కాదు, ఇసుక మేట మీద పరిచిన లైను, పొడవు 60 మీటర్లు. ఎక్కడ బిగిసిందో తెలియక సుత్తితో కొడుతూ శబ్దం బట్టి వెతుక్కుంటూ ఒక్కో క్లాంపు విప్పేసరికి మధ్యాహ్నం ఎండకి సగం పైపులు రాయైపోయాయి. లోపల ఒత్తిడి దించకుండా క్లాంపు విప్పబోయిన కుర్రాడి ముఖానికి చిప్స్ కొట్టుకొచ్చాయి, కళ్లద్దాలు ఉండబట్టి చూపు దక్కింది. ఆ పని పడవలో నిలబడి చేయాలంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. విప్పిన కాంక్రీటు, కడిగిన నీళ్లు పోయేది ఏట్లోకే. సిమెంటు నీళ్లలో ఘాటు క్షారం ఉంటుంది, అవి కలిసిన చోట చేపలు చస్తాయి.

ఇక పడవల్లో తడి కాంక్రీటు సంగతి. రెడీమిక్స్‌కి భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 పెట్టిన గడువు లోడు చేసిన దగ్గర్నుంచి 2 గంటలు. ప్లాంటు నుంచి మీ రేవుకి రావడానికే అందులో ఎంత పోతుందో మీకే తెలుసు. మీ స్లాబ్ 14 క్యూబిక్ మీటర్ల పైన, బీములు కలిపితే 20 అనుకుందాం, అంటే 48 టన్నులు. పడవకి ఒక క్యూబిక్ మీటరు చొప్పున 20 సార్లు నింపాలి, దాటించాలి, దించాలి. దారంతా ఊగి చిప్స్ అడుక్కి దిగుతాయి, పైన నీరు తేలుతుంది. గట్టిపడిందని ఎవడో ఒకడు బిందెడు నీళ్లు పోస్తాడు. స్లాబ్ బలం ఆ బిందెతోనే పోతుంది.

అందుకే పొడి సరుకు దాటించండి. పొడి సరుకుకి గంటల గడువు లేదు. 20 క్యూబిక్ మీటర్లకి, క్యూబిక్ మీటరుకి 7 బస్తాల లెక్కన 140 బస్తాల సిమెంటు, అంటే 7 టన్నులు. ఇసుక, 20 ఎంఎం చిప్స్ కలిపి ఇంకో 37 టన్నుల దాకా. నీళ్లు ఎలాగూ ఏట్లో ఉన్నాయి, బురద తేరాక వాడుకోవచ్చు. ఇదంతా మూడు నాలుగు వారాలు రోజుకిన్ని ట్రిప్పులని నెమ్మదిగా దాటించవచ్చు. ముందు చిప్స్, ఇసుక, తర్వాత ఇనుము, సిమెంటు మాత్రం స్లాబ్‌కి వారం ముందే. నదీ తీరం చెమ్మకి బస్తా గడ్డకడుతుంది కాబట్టి నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చి టార్పాలిన్ కప్పండి. పడవలో 20 బస్తాలంటే టన్ను. బరువు మధ్యలో, అడుగున ఉండాలి, బస్తాల మీద మనుషులు కూర్చోకూడదు, ఎక్కిన ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. ఈత వచ్చు కదా అని ఊరుకోవద్దు.

కలపడానికి ఒక బస్తా మిల్లర్లు (విడతకి ఒక బస్తా సిమెంటు సరుకు కలిపే మిషన్లు) రెండు పెట్టండి. లిఫ్ట్ మిల్లర్ అయితే మరీ మంచిది, సరుకు పైకి అదే ఎత్తుతుంది. విడదీసి పడవలో దాటించే వీలుందో లేదో అద్దెకి తీసుకునే ముందే అడగండి. గంటకి ఒక్కోటి 15 బస్తాలు తిప్పినా రెండూ కలిపి 4 క్యూబిక్ మీటర్లు వస్తాయి, 20 క్యూబిక్ మీటర్లు 5 గంటల పని. మూడో మిల్లర్ దొరికితే తెచ్చి ఖాళీగా ఉంచండి. పని మధ్యలో ఒకటి ఆగిపోతే రోడ్డు వైపు నుంచి మెకానిక్ వచ్చేసరికి వేసిన కాంక్రీటు అంచు గట్టిపడి, తర్వాత వేసింది దానికి అతుక్కోక కోల్డ్ జాయింట్ అవుతుంది, వానాకాలం వచ్చాక ఆ గీత వెంటే నీళ్లు కారతాయి. తప్పనిసరిగా ఆపాల్సి వస్తే బీము దగ్గర ఆపకండి. స్పాను (రెండు బీముల నడిమి దూరం) మధ్య భాగంలో చెక్క అడ్డుపెట్టి నిలువుగా తెంచండి.

పంపే కావాలని మీవాళ్లు పట్టుబడితే, అది మీ ఊరి ఒడ్డునే ఉండాలి. అప్పుడు కూడా నాకు ఒక అనుమానం ఉంది. పంపు ఆకలి పెద్దది. గంటకి 20, 30 క్యూబిక్ మీటర్లు తోసే మిషన్‌కి రెండు మిల్లర్ల నుంచి 4 అందిస్తే అది ఎక్కువసేపు ఖాళీగా నిలబడుతుంది, ఆ సేపూ పైపులో సరుకు బిగుసుకుంటుంది. రేవు నుంచి కట్టడానికి ఎత్తు గట్టు, చాలా దూరం, మోయడానికి మనుషులు లేరు అంటే పంపుకి అర్థం ఉంది. అలా అయితే ముందు సిమెంటు పాలు పంపి పైపు లోపల తడపాలి, పైపుల మీద తడి గోనెలు కప్పాలి, చివర్లో స్పాంజి బంతితో శుభ్రం చేయాలి. ఆ కడిగిన నీళ్లకి గట్టు మీద గుంట తవ్వుకోండి.

స్లాబ్ తెల్లవారుజామున మొదలుపెట్టండి, జూన్ రాకముందే ముగించండి. ఒడిశా కొండల్లో వాన పడితే మన దగ్గర ఎండ కాస్తుండగానే వంశధార పెరుగుతుంది. పడవ ఆగిన రోజున సెంటరింగ్ విప్పేవాళ్లు కూడా రాలేరు.

ప్రశ్న: మాది నౌపడ వైపు. ఉప్పుటేరు అవతల రొయ్యల చెరువు గట్టు మీద మోటారు గది, చిన్న ఆర్‌సీసీ ట్యాంకు కట్టుకుంటున్నాం. మంచినీళ్లు పడవలో తేవాలి. కలపడానికి ఏటి నీళ్లు వాడితే ఏమవుతుంది?

జవాబు: వాడకండి. ఇనుము ఉన్న కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 చెబుతోంది. సముద్రపు నీళ్లలో అది 19,000 దాకా ఉంటుంది, ఉప్పుటేట్లో పోటు సమయాన్ని బట్టి దానికి దగ్గరగా పోతుంది. కాంక్రీటు గట్టిపడుతుంది, మొదట్లో బాగానే కనిపిస్తుంది, లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులు ఊడగొడుతుంది. క్యూరింగ్‌కి (కాంక్రీటు తడిపి ఉంచడానికి) కూడా ఆ నీళ్లు వద్దు. మీరున్నది తీరం గాలి తగిలే చోటు కాబట్టి కాంక్రీటు బలం చెప్పే గ్రేడు ఎం30కి తగ్గకుండా, ఇనుము మీద కాంక్రీటు పొర (కవరు) 45 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. క్యూబిక్ మీటరుకి కలపడానికి 180 లీటర్ల దాకా పడుతుంది, క్యూరింగ్ నీళ్లు దానికి అదనం. పడవ ఎక్కించే డ్రమ్ములు ఆ లెక్కన పెట్టుకోండి, డీజిల్ డ్రమ్ములు మాత్రం కడిగి కూడా వాడొద్దు.