పైనున్న 'లెక్క' ఫంక్షన్‌కి ఎందుకు కనబడలేదంటే

తమ్ముడూ, చిత్తూరు టీ బంకు పైథాన్ ప్రోగ్రాంలో పైన లెక్క = 0 పెట్టి, ఫంక్షన్‌లో లెక్క += 10 అనగానే అన్‌బౌండ్‌లోకల్‌ఎర్రర్ (ఇంకా విలువ లేని పేరును వాడావన్న ఎర్రర్) వస్తోందన్నావు. చిక్కంతా ఆ += దగ్గరే, అది పాత విలువకు కలిపి అదే పేరుకు కొత్త విలువ ఇస్తుంది. ఫంక్షన్‌లో ఎక్కడ విలువ ఇచ్చినా, ఆ పేరు ఫంక్షన్ అంతటా లోకలే (లోపలిదే) అని పైథాన్ కంపైల్ చేసేటప్పుడే తేల్చేస్తుంది. ఇక పైనున్న సున్నా వైపు చూడదు. లోపలి లెక్కకేమో ఇంకా విలువే లేదు, అందుకే ఎర్రర్.

తిరుపతిలో 'కొండకు పోతున్నా' అంటే తిరుమలకే. వేరే ఊళ్లో వాళ్ల కొండకు. నేమ్‌స్పేస్ (పేర్లు ఉండే చోటు) కూడా అంతే, పేరు ఒకటే, పలికిన చోటును బట్టి వస్తువు మారుతుంది.

ఫంక్షన్ మొదట్లో 'గ్లోబల్ లెక్క' అని రాస్తే, బయటున్న లెక్కనే వాడమని చెప్పినట్టు, ఎర్రర్ పోతుంది. నేనైతే లెక్కను ఆర్గ్యుమెంట్‌గా (లోపలికి ఇచ్చే విలువగా) పంపి, కొత్త విలువ రిటర్న్ (తిరిగి) తీసుకుంటా. రేపు ప్రోగ్రాం పెరిగాక ఎక్కడ మారిందో వెతుక్కోనక్కర్లేదు.

అన్నట్టు, బయటున్న లిస్ట్‌కు అపెండ్ చేయడానికి (చివర ఒకటి చేర్చడానికి) గ్లోబల్ అక్కర్లేదు. అక్కడ పేరుకు కొత్త విలువ ఇవ్వట్లేదు, ఉన్న లిస్ట్‌నే మారుస్తున్నావు.