పిల్లల డబ్బుకి తారీఖు ఉండాలి నాన్నా

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

కోడలూ పిల్లలూ నీకు విడిగా అమలాపురంలో ఉంటున్నారు, వాళ్లకి నువ్వు పంపే డబ్బు గురించే ఈ ఉత్తరం. భీమవరం పక్కన రొయ్యల చెరువులు లీజుకి చేసేవాడివి, నీకు నెలజీతం లేదని తెలుసు. పట్టుబడి బాగుంటే ఒకేసారి పెద్ద మొత్తం పంపుతున్నావు. రొయ్యలకి తెల్లమచ్చ రోగం తగిలితే నెలల తరబడి ఊరుకుంటున్నావు. ఏడాది లెక్కలో నువ్వు తక్కువేం ఇవ్వట్లేదు. కానీ పిల్లల చదువుకి ఎంత ఇచ్చావన్నదాని కన్నా ఎప్పుడిచ్చావన్నదే ముఖ్యం.

నేను పాఠాలు చెప్పిన రోజుల్లో చూశాను. ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లు క్లాసులో అందరి ముందూ చదివేవారు. పేరు వినపడిన పిల్ల తల దించుకుని నోట్సు మార్జిన్‌లో గీతలు గీస్తూ కూర్చునేది. ఆ పూట పాఠం బుర్రకెక్కేది కాదు. ఇంకోసారి ఫీజుల టైముకి కడుపునొప్పి అంటూ బడి మానేసేది. అలాంటి పిల్లలు తెలివిలేక వెనకపడలేదురా. అమెరికాలో 1990ల్లో చేసిన పరిశీలనల్లో కూడా, ఇంటికొచ్చే మిగతా ఆదాయం కన్నా విడిగా ఉన్న తండ్రి పంపే డబ్బుకే పిల్లల చదువుతో గట్టి సంబంధం కనిపించింది.

అందుకని పట్టుబడి డబ్బు చేతికి రాగానే, మేత బాకీ కన్నా ముందు, వచ్చే పంట దాకా సరిపడా పిల్లల డబ్బు వేరే అకౌంట్లో వేసెయ్. ప్రతినెలా 5న కోడలి అకౌంట్‌కి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో చెప్పు. జూన్‌లో పుస్తకాలకీ యూనిఫాంకీ విడిగా పంపు. పంట పోతే నెల ముందే కోడలికి ఫోన్ చేసి చెప్పు. "పై నెల ఇస్తానని అమ్మకి చెప్పమ్మా" అని పిల్లతో మాత్రం కబురు పెట్టకు, ఆ మాట మోయడం దానికి చాలా బరువు.

చేతికిచ్చిన నగదుకి రేపు కోర్టులో రుజువుండదు. మనోవర్తి, అంటే భార్యాపిల్లల పోషణకిచ్చే డబ్బు, పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఆర్డరయ్యాక ఎగ్గొడితే వారెంటు, ఆపైన జైలు కూడా. ఆదాయం నిజంగా పడిపోతే మొత్తం తగ్గించమని కోర్టునే అడగొచ్చు, నీ అంతట నువ్వు ఆపకూడదు. పిల్లల్ని చూపించలేదన్న కోపంతో అసలే ఆపకు. చూడనివ్వమని వేరే పిటిషన్ వేసుకో.

బడిలో పేరెంట్స్ మీటింగ్ పెడితే అమలాపురం వెళ్లు. కోడలితో మాట్లాడబుద్ధి కాకపోతే మానెయ్, పాపకి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో టీచర్ని అడిగి తెలుసుకో. వచ్చే ఏడు దానికి టెన్త్. ఆ పరీక్ష ఫీజు ఇప్పుడే పక్కన పెట్టు.

మీ పెద్దమ్మ