ఆరడుగుల టేబుల్ మీద ఆడే అల్లుడికి

చిత్తూరు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

తిరుపతి ఇంట్లో మిద్దెమీద గదిలో ఆరడుగుల పూల్ టేబుల్ వేయించుకున్నావని మీ అమ్మ చెప్పింది. బంతులన్నీ టకటకా పాకెట్లో వేస్తున్నావంట, సంతోషం. అయితే ఒక మాట విను నాయనా. చిన్న టేబుల్ మీద ఎన్ని బంతులు పడినాయో లెక్క పెట్టుకోవద్దు. ప్రతి దెబ్బకీ, స్టిక్కుతో కొట్టే తెల్లబంతి యాడ ఆగిందో చూడు.

నేనూ రెండేండ్లు చిన్న టేబుల్ మీదే నేర్చుకున్నాను. తర్వాత మద్రాసులో ఒక క్లబ్బుకు పోయి తొమ్మిదడుగుల టేబుల్ మీద ఆడితే నా స్టాప్ షాట్, అంటే తెల్లబంతి తగిలినచోటే ఆగిపోవాల్సిన దెబ్బ, ఒక్కటీ నిలవలేదు. అక్కడ ఆడే జాగానే 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. బంతి పాకెట్లో పడేది, దాని వెనకాలే తెల్లబంతీ దొర్లుకుంటా పోయేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

కారణం తర్వాత తెలిసింది. తెల్లబంతిని సరిగ్గా నడుమ కొడితే మొదట జారుతుంది, టేబుల్ మీది గుడ్డ రాపిడికి పోనుపోను దొర్లడం మొదలుపెడుతుంది. జారతా ఉండగానే ఎదురుగా తగిలితే అక్కడే నిలబడుతుంది. దొర్లతా తగిలితే ముందుకు పోతుంది. జానెడు దూరంలో నడుమ కొట్టినా చాలు. దూరం పెరిగేకొద్దీ నడిమికంటే కిందికి కొట్టాల. అప్పుడు వచ్చే వెనక తిరుగుడు దారిలో కరిగిపోయి, తగిలే సమయానికి ఏమీ మిగలకూడదు. అందుకే నువ్వు మూల నుంచి మూలకు, నీ టేబుల్లో ఉండే పొడవైన దారి పట్టుకో. బంతిని ఎదుటి మూల దగ్గర పెట్టి, ఎంత కిందికి కొడితే తెల్లబంతి ఆగుతుందో చెయ్యికి తెలిసేదాకా అదే కొట్టు. రోజూ అరగంట చాలు.

అది కుదిరినాక, తెల్లబంతి ఆగాల్సిన చోట పోస్టుకార్డంత కాగితం పెట్టి ఆడు. పదిలో ఏడుసార్లు దానిమీద ఆగితే కాగితాన్ని సగానికి మడువు.

గోడ అడ్డం వచ్చే పక్కన 48 అంగుళాల పొట్టి స్టిక్ వాడు. పెద్ద స్టిక్కును పైకెత్తి కొట్టే అలవాటు మాత్రం వద్దు, తెల్లబంతి వంకర పోతుంది. చెయ్యి తిన్నగా పోతుందో లేదో చూడాలంటే ఖాళీ నీళ్ల సీసాను అడ్డంగా పడుకోబెట్టి, మూతి అంచుకు తగలకుండా స్టిక్ కొనను లోపలికీ బయటికీ ఆడించు. టీవీ చూస్తా కూడా చేయొచ్చు.

బంతులు కొలిచినావా? క్లబ్బు బంతి రెండుంపావు అంగుళాలు. నీ పాకెట్ మూతి దానికి ఇంచుమించు రెండింతలుంటే ఆ సైజు సెట్టే కొనుక్కో. లేదంటే ఉన్న చిన్న బంతులతోనే కానీ.

రసమట్టం పెట్టి నాలుగు మూలలా చూడు, వాలుంటే కాళ్లకింద అట్టముక్క పెట్టు. టేబుల్ అడుగు రాయి కాదు, చెక్క అట్ట అంటున్నావు కాబట్టి కార్తీకం వానలు పట్టకముందే కిటికీ పక్కనుంచి జరిపెయ్. తేమ తాగితే అట్ట ఉబ్బుతుంది.

సంక్రాంతికి వస్తాను. ఆ మడిచిన కాగితం దాచిపెట్టు, చూస్తాను.

మీ మామ